టూట్స్ హిబ్బర్ట్: ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

జమైకా గాయకుడు టూట్స్ హిబ్బర్ట్ చిన్నప్పుడు చర్చిలో పాడుతూ పెరిగినవాడు. 1968లో తన పాట పేరులోనే 'రెగే' అన్న మాట పెట్టి, ఆ జమైకా సంగీతానికి పేరు నిలబెట్టాడు. 2020లో పోయాడు. కొత్తగా వినేవాళ్లకు ఎప్పుడూ ఒకటే సందేహం: 'ఫంకీ కింగ్‌స్టనా', 'టూట్స్ ఇన్ మెంఫిసా'?

సంగీతం: మొదటిది మేటల్స్ బృందంతో చేసిన రెగే, గొంతు మాత్రం సోల్, అంటే చర్చి పాటల్లోంచి పుట్టిన అమెరికా నల్లజాతి గానం. రెండోది 1988 నాటిది. అమెరికా సోల్ పాటలకు స్లై డన్‌బార్ డ్రమ్స్, రాబీ షేక్‌స్పియర్ బేస్ తోడయ్యాయి.

శ్రమ: మొదటిదానిలో జమైకా యాస చెవికి పట్టాలంటే రెండు మూడుసార్లు వినాలి. రెండోది తొందరగా ఎక్కుతుంది.

రిస్క్: 'ఫంకీ కింగ్‌స్టన్' 1973లో ఒకలా, 1975లో అమెరికాలో వేరే పాటలతో వచ్చింది. డబ్బు పెట్టేముందు పాటల జాబితా చూసుకోండి. నేనైతే 1975దే తీసుకోమంటాను. అందులో అమెరికా గాయకుడు జాన్ డెన్వర్ పాట 'కంట్రీ రోడ్స్' ఉంది. 'వెస్ట్ వర్జీనియా' అనాల్సిన చోట టూట్స్ 'వెస్ట్ జమైకా' అంటాడు. ఆ ఒక్క మాటతో పరాయి పాట ఆయన సొంతూరి పాటైపోతుంది. ఎన్నిసార్లు విన్నా అక్కడ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

సోల్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు మెంఫిస్‌తో మొదలుపెట్టండి. రెగే రుచి తెలియాలంటే, కూర్చున్నచోట కాలు ఆగకుండా ఆడాలంటే కింగ్‌స్టనే.