కర్నూలులో యాషికా ఎలక్ట్రో రిపేరుకు ఇస్తున్నారా? ముందు ఇది చదవండి

ఆ రిపేరు షాపాయన పేరు రాయను. కర్నూలులో ఫిలిం కెమెరాలు వాడేవాళ్లకు ఎవరి గురించో అర్థమవుతుంది. మీ కెమెరా ఆయన చేతికి ఇవ్వొద్దు.

నాది ఎలక్ట్రో 35 జీఎస్ఎన్. మా నాయనది. 2009 వరదలో ఇంట్లోకి నీళ్లొస్తుంటే ఆయన మిద్దె మీదికి ఎత్తుకుపోయిన వస్తువుల్లో ఇదొకటి. సమస్య చిన్నదే. ఫిలిం లీవర్ తిప్పితే లోపల 'టక్'మని వినపడాలి. అది ఆగిపోయింది, ఫోటోల్లో వెలుతురు ఎక్కువై పాలిపోతున్నాయి. లోపలి రబ్బరు ప్యాడ్ పొడైపోతే ఈ మోడల్‌కు వచ్చే జబ్బు ఇదే. ఆ ప్యాడ్ ఒక్కటి మార్చమని, ఇంకేదీ ముట్టుకోవద్దని చెప్పి ఇచ్చాను. 2,500 అన్నాడు, సరే అన్నాను.

తెచ్చుకోవడానికి వెళ్లి, వ్యూఫైండర్‌లోంచి ఎదురుగా ఉన్న కరెంటు స్తంభాన్ని చూశాను. మధ్యలో ఉండాల్సిన పసుపు ముక్క లేదు! ఫోకస్ రింగు ఎంత తిప్పినా, ఆ ముక్కలో కనపడే రెండో బొమ్మ రాదు. ఆ రెండు బొమ్మలు ఒకదానిమీదొకటి కలిస్తేనే ఫోకస్ కుదిరినట్టు. "అన్నా, ఇచ్చేటప్పుడు బాగుంది కదా" అంటే, "అద్దం మురికిగా ఉంటే స్పిరిట్ పెట్టి తుడిచినాలే" అన్నాడు. వ్యూఫైండర్ లోపలి ఆ అద్దం మీద పల్చటి పూత ఉంటుంది. సగం వెలుతురును లోపలికి పోనిచ్చి, సగాన్ని తిప్పి పంపేది ఆ పూతే. రుద్దితే ఊడిపోతుంది, అంతటితో రేంజ్‌ఫైండర్, అంటే ఫోకస్ చూసుకునే ఏర్పాటు, పోయినట్టే. కెమెరాలు విప్పే మనిషికి ఈ మాత్రం తెలియదా?

అదే అడిగాను. "ఏమప్పా, ఫోన్లో తీసుకోక ఈ డబ్బాతో నీకేం పని? పాత సామాను కింద ఐదొందలిస్తా, ఇచ్చిపో" అన్నాడు, షాపులో నలుగురి ముందు. మా నాయన కెమెరాని! పైగా డబ్బు మొత్తం కట్టేదాకా కౌంటర్ వెనకే పెట్టుకున్నాడు. కట్టి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి లీవర్ తిప్పితే 'టక్' ఇప్పటికీ లేదు. ప్యాడ్ కూడా మార్చలేదు. అదే నాకు ఇంకా మండుతోంది.

రిపేరుకు ఎవరికిచ్చినా ముందే ఫోన్‌ను వ్యూఫైండర్‌కు ఆనించి, పసుపు ముక్క కనపడేలా ఒక ఫోటో తీసుకోండి. ఏం మార్చాలో రసీదు మీద రాయించండి. బ్యాటరీ వేసే ఇవ్వండి, అది లేకపోతే ఈ కెమెరా షటర్ 1/500 సెకను వేగం ఒక్కటే కొడుతుంది, బాగైందో లేదో తెలియదు. పాత 5.6 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీలు ఇప్పుడు తయారు కావడం లేదు, అడాప్టర్‌తో 6 వోల్టుల 4ఎల్ఆర్44 సరిపోతుంది.

ఎవరి దగ్గరైనా పాడైన జీఎస్ఎన్ ఉండి, అందులో ఆ అద్దం బాగుంటే చెప్పండి, కొంటాను.