ఎస్.పి. రోడ్‌లో రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ కొనబోతున్నారా, ఒక్క నిమిషం ఆగండి

నిన్న సాయంత్రం జరిగింది, ఇంకా ఒళ్లు మండుతోంది, రాతలో తప్పులుంటే సర్దుకోండి. ఎస్.పి. రోడ్ అంటే బెంగళూరులో కంప్యూటర్ల బజారు, ఆ సందుల సంగతి ఇక్కడ ఉన్నవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. తమ్ముడికి కాలేజీకి ల్యాప్‌టాప్ కావాలి. మా పీజీలో ఒకతను స్క్రీన్ పగిలిన థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్ 9 వేలకి ఇస్తానన్నాడు, స్క్రీన్‌కి ఇంకో 5 వేలు అనుకున్నా 14తో పోయేది. పగిలినదాంతో తలనొప్పి ఎందుకులే అని షాపుకెళ్లి 19,500 పెట్టి, ఆరు నెలల వారంటీతో రీఫర్బిష్డ్, అంటే పాతది బాగుచేసి అమ్మేది, కొన్నాను. అంత తెలివి.

షాపతను నా యాస వినగానే "మనది హిందూపురం అన్నా, మనవాళ్లకి తప్పుడు సరుకు ఇస్తానా" అన్నాడు. టీ తెప్పించాడు. ప్రాసెసర్ ఇంటెల్ ఐ5, 8వ జనరేషన్ (అంటే 8వ తరం) అన్నాడు, కీబోర్డు పక్కన స్టిక్కర్ కూడా అదే చెప్పింది, విండోస్ 11 చక్కగా నడుస్తోంది. ఇంకేం కావాలి!

మొన్న తమ్ముడు రూమ్‌కొచ్చి టాస్క్ మేనేజర్ (లోపల ఏ ప్రాసెసర్ ఉందో చూపించే విండోస్ టూల్) తెరిచి, "అన్నా, ఇక్కడ ఐ5-6300యూ అని ఉంది, 8 ఎక్కడుంది?" అన్నాడు. 6300లో ముందున్న ఆ 6 ఉంది చూశారూ, అదే జనరేషన్. ఇంటెల్‌లో 8వ జనరేషన్ కంటే పాతవాటికి, ఏవో కొన్ని తప్ప, విండోస్ 11 సపోర్ట్ లేదు, దీంట్లో అడ్డదారిన ఎక్కించాడు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కదా, అందుకేనేమో పాత మిషన్లకి ఈ వేషాలు. నేను చేసేది టెస్టింగ్ ఉద్యోగం. ఊళ్లోవాళ్ల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టి జీతం తీసుకుంటాను.

సరే, నిన్న పట్టుకెళ్లాను. అదే మనిషి, అదే స్టూలు. నేను తెలుగులో మొదలుపెడితే హిందీలో "చెక్ కర్‌కే లియా నా ఆప్‌నే" (చూసుకునే కదా తీసుకున్నారు) అన్నాడు. మళ్లీ తెలుగులోనే అడిగాను. నా మొహం కూడా చూడకుండా కన్నడలో "తెలుగు గొత్తిల్ల" అని పక్క కుర్రాడి వైపు తిరిగి నవ్వాడు. పది రోజుల కింద హిందూపురం బస్టాండ్ దగ్గర దోసెల గురించి ఐదు నిమిషాలు చెప్పినవాడికి తెలుగు రాదట! డబ్బు పోయినదానికంటే ఆ నవ్వుకే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. వారంటీ మదర్‌బోర్డుకి (లోపలి మెయిన్ బోర్డుకి) మాత్రమేనట, అది కూడా కుర్రాడితోనే చెప్పించాడు.

ఆ పగిలిన థింక్‌ప్యాడ్ పక్క రూమతను కొన్నాడు, స్క్రీన్ మార్పించాడు, హాయిగా వాడుకుంటున్నాడు. దాని రోగం కనీసం బయటికి కనిపించింది. (స్క్రీన్ పగిలితే వేరే మానిటర్‌కి తగిలించి చూడొచ్చు. నీళ్లు పడినది, అసలు ఆన్ కానిది మాత్రం ఎంత చవకైనా ముట్టుకోకండి.)

రీఫర్బిష్డే కొంటానంటే స్టిక్కర్ నమ్మకండి, టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ నంబర్ మీరే చూడండి, బిల్లు మీద ఆ నంబర్, సీరియల్ నంబర్ రాయించుకోండి. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేద్దామని నా బిల్లు బయటికి తీశాను. ఎస్టిమేట్ అని పైన అచ్చేసిన చీటీ, కింద "ల్యాప్‌టాప్ 1" అని పెన్నుతో రాశాడు. షాపు పేరు కూడా లేదు.