ఖాజాగూడ గుట్ట మీద ఆదివారం నడక: తొమ్మిది వందలు పెట్టొచ్చా?

హైదరాబాద్‌లో చలికాలం ఆదివారాల్లో ఒక చిన్న బృందం ఈ నడక పెడుతోంది. పేరు రాయట్లేదు. కింద రాసినదాంట్లో సగం చీవాట్లే ఉన్నాయి, పాపం కుర్రాళ్ళు ఇప్పుడిప్పుడే మొదలుపెట్టారు. వాళ్ళ పోస్టర్ మీద మాత్రం "వదిలేసిన వింతల వేట" అని పెద్దక్షరాలు, పక్కన భూతద్దం బొమ్మ. ఆ పోస్టర్ చూసి నిధులు దొరుకుతాయని వచ్చినవాళ్ళు కూడా మా గుంపులో ఉన్నారు. ఒకాయన అయితే మెటల్ డిటెక్టర్ తెచ్చుకోవచ్చా అని వాట్సాప్ గ్రూపులో అడిగాడు.

మనిషికి 900 రూపాయలు. పొద్దున ఆరింటికి ఖాజాగూడ చెరువు దగ్గర కలవాలి. గుట్ట ఎక్కి దిగాక టిఫిన్, తర్వాత ఎవరి బండి మీద వాళ్ళు గోల్కొండ కోటని ఆనుకున్న నయా ఖిలాకి. పదకొండుకల్లా వదిలేస్తామని చెప్పారు, పన్నెండున్నర అయింది. నేను మల్కాజిగిరి నుంచి రావాలి కాబట్టి నాలుగున్నరకే లేచాను. మా ఆయన రానన్నారు. "రాళ్ళు చూడ్డానికి డబ్బులు కట్టి అంత దూరమెందుకు, మౌలాలి గుట్ట మనింటి పక్కనే ఉందిగా" అని ఆయన వాదన. నిజమే, కానీ మౌలాలిలో ఈ పెద్దాయన లేడుగా.

ఈ నడకకున్న విలువంతా ఆ పెద్దాయన దగ్గరే ఉంది. అరవై దాటి ఉంటాయి. రాయి కొట్టే ఇంట్లో పుట్టి, చిన్నప్పటి నుంచి సమ్మెట పట్టిన మనిషి. నిర్వాహకులు మైకు పట్టుకుని హైదరాబాద్ రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళని, భూమి లోపల చల్లారిన గ్రానైటని, పగుళ్ళలోకి నీరు దిగి మూలలు ముందు అరిగిపోవడం వల్ల బండలు గుండ్రంగా తయారయ్యాయని, మీది మట్టి కొట్టుకుపోయాక ఇలా ఒకదానిమీదొకటి నిలబడ్డాయని చెబుతారు. అదంతా సరైన సమాచారమే, శ్రద్ధగా చదువుకుని వచ్చారు. పెద్దాయన మైకు ముట్టుకోడు. వెనకబడ్డవాళ్ళతో నడుస్తాడు. నా మోకాళ్ళ పుణ్యమా అని నేను మొత్తం ఆయనతోనే నడిచాను.

సగం గుట్ట ఎక్కాక దారికి ఎడమవైపు ఒక పెద్ద బండ ఉంది. అందరూ దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు, వెనక ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల మేడలు బాగా పడతాయి కాబట్టి. పెద్దాయన నన్ను దాని వెనక్కి తీసుకెళ్ళాడు. మనిషి ఎత్తులో, దారం పట్టి గీసినంత తిన్నగా, వరసగా నలుచదరపు గుంటలు. ఒక్కోదాంట్లో రెండు వేళ్ళు పడతాయి. వరసకి చివర ఒక గుంటలో ఇనుప చీల ముక్క ఇంకా ఇరుక్కునే ఉంది, తుప్పు పట్టి రాతిలో కలిసిపోయిన రంగులో. పని ఎలా జరుగుతుందో చెప్పాడు. ముందు ఉలితో గుంటలు తీస్తారు, వాటిలో చీలలు నిలబెడతారు, ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కోదాని మీద ఒక్కో దెబ్బ, మళ్ళీ మొదటికి. ఒక్కదాన్నే గట్టిగా కొడితే రాయి అడ్డదిడ్డంగా విరుగుతుంది. కొడుతుంటే చప్పుడు మారుతుందట, ఆ మారిన చప్పుడు విన్నాక ఆపేసి పక్కకి జరగాలి. ఈ బండకి గుంటలున్నాయి, చీలలు పెట్టారు, కానీ అది చీలలేదు. ఆ రోజు పని ఎందుకు ఆగిందో ఆయనకీ తెలియదు. కూలి ఇవ్వలేదో, ఎవరైనా వచ్చి వద్దన్నారో.

మా గుంపులో ఒక కుర్రాడు ఆ చీలని తాళంచెవితో పెకలించబోయాడు. పెద్దాయన అరవలేదు, అతని చెయ్యి పట్టుకుని పక్కకి తీశాడంతే. "అది ఉంటేనే ఇది పని అని తెలుస్తది. అది తీస్తె ఉత్త బొక్కనే" అన్నాడు. నిర్వాహకులు రాసిచ్చిన నిబంధనల కాగితంలో "ఏ వస్తువూ తీసుకెళ్ళరాదు" అని ఉంది. ఎందుకో మాత్రం అందులో లేదు.

ఇంకాస్త పైకి వెళ్తే చదునుగా పరుచుకున్న బండ. దాని మీద అక్కడక్కడా నల్లగా మసి మరకలు. పిక్నిక్‌కి వచ్చి వంట చేసుకున్నారేమో అనుకుంటాం. కొన్ని మరకలు అవే కావచ్చు గానీ, పలకలు కావాలంటే బండ మీద మంట పెట్టి కాల్చడం పాత పద్ధతి. వేడికి పై పొర ఉబ్బి కింది రాతి నుంచి విడిపోతుంది. ఆయన అక్కడో రాయి తీసుకుని బండని తట్టుకుంటూ నడిచాడు. ఒకచోట గట్టిగా ఠంగుమంది, రెండడుగుల అవతల డొల్లగా మోగింది. అక్కడ పొర లేచిందన్నమాట. తర్వాత పది నిమిషాలు గుంపంతా వంగి బండని తట్టడమే. కింద నుంచి వచ్చే వాకింగ్ వాళ్ళు మమ్మల్ని చూసి ఏమనుకున్నారో.

నాకు బాగా నచ్చింది ఆ బండ చివరనున్న రోలు. బండలోనే తొలిచిన రోలు, జానెడు లోతు. నిలవ నీరు, నాలుగు సీతాఫలం గింజలు, దోమ పిల్లలు. నీళ్ళు చిమ్మేసి లోపల చెయ్యి పెడితే అడుగంతా నున్నగా ఉంది, అంచు గరుకు. అంచులో ఒక్క వైపు మాత్రం అరిగి కిందికి జారినట్టుంది. అది చెయ్యి పెట్టి పిండి తోడుకునే వైపు. మా అమ్మమ్మ వాళ్ళింట్లో రోటికీ అంతే ఉండేది కాబట్టి నాకు చెప్పక్కర్లేకపోయింది. రాయి కొట్టేవాళ్ళు పని ఉన్నచోటే గుడిసెలు వేసుకుని ఉండేవారు, పని అయిపోతే గుడిసె విప్పుకుని వెళ్ళేవారు. రోలు మోసుకుపోయేది కాదు కదా. ఎన్ని జొన్నలు దంచితే గ్రానైటు ఇలా అరుగుతుంది?

దానికి పది అడుగుల్లో సగం చేసిన ఇసుర్రాయి. బండ మీద గుండ్రంగా గీత తీసి, చుట్టూ కాలవలా చెక్కి, అడుగున ఇంకా బండకి అతుక్కునే వదిలేశారు. నేను దాని మీద నుంచే నడిచి వచ్చాను, చూడలేదు. ఎవరైనా పాడుచేశారా అని అడిగాను.

"ఎవరో ఇరగ్గొట్టింది గాదమ్మా. అంచు దిద్దుకుంట వచ్చిండు, నెర్రె కనవడ్డది. ఇంక కొడితే రెండు తునకలైతది. ఇడిచిపెట్టి పోయిండు."

"ఇంత చెక్కేదాకా నెర్రె కనబడదా అన్నా?"

"ఎండల కనవడదు. నీళ్ళు వోస్తె కనవడ్తది."

తన సీసాలో నీళ్ళు పోసి, కాసేపు ఆగమన్నాడు. బండ ఆరుతూ వచ్చింది. అంతా ఆరాక ఒక్క సన్నటి తడి గీత మిగిలింది, ఇసుర్రాయికి అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుకి. తొమ్మిది వందల్లో ఎనిమిది వందలు ఆ గీతకే ఇచ్చేశాను.

గుట్ట మీద కొత్తగా వదిలేసినవి కూడా తక్కువేం లేవు. ఒక రావిచెట్టు కింద దేవుడి పటాలు, పాతికకి తక్కువుండవు. అద్దం పగిలిన వేంకటేశ్వరస్వామి, చెదలు తిన్న సత్యనారాయణ వ్రతం పటం, ఒక ఫ్రేములో అయితే బొమ్మే లేదు, ఎండకి మొత్తం వెలిసిపోయింది. ఇంట్లో ఉంచుకోలేరు, చెత్తబండిలో వేయలేరు, చెట్టు కింద పెట్టి దండం పెట్టుకుని వెళ్ళిపోతారు. ఆ పక్కనే ఆఫీసు ఐడీ కార్డుల తాళ్ళ కట్ట, కంప్యూటర్ కీబోర్డు, ఎవరిదో పెళ్ళి ఫ్లెక్సీ. నిర్వాహకులు ఇక్కడ ఒక్క నిమిషం కూడా ఆపలేదు, "చెత్త, పదండి" అన్నారు. నడక పేరే వదిలేసిన వింతలు కదా, మరి ఇదేమిటి? సరే, వాళ్ళ ఇష్టం.

పైన బాబా ఫఖ్రుద్దీన్ దర్గా ఉంది, ఆయన పేరు మీదే దీన్ని ఫఖ్రుద్దీన్ గుట్ట అంటారు. బహమనీ రాజ్యం స్థాపించిన అలావుద్దీన్ హసన్ బహమన్ షాకి ఈయన గురువని చెబుతారు. ఆ లెక్కన గోల్కొండ కుతుబ్ షాహీల కంటే ముందు కాలం. ఇది వదిలేసిన చోటు కాదు, జనం వస్తూనే ఉంటారు. మా వాళ్ళు చెప్పులు విప్పి లోపలికి వెళ్ళారు, వీడియో తీయబోయిన అమ్మాయిని నిర్వాహకులే ఆపారు. అది మెచ్చుకోవాలి.

రాళ్ళ రక్షణ గురించి వాళ్ళు చెప్పిన భాగం కూడా బాగుంది. ఇక్కడి రాళ్ళని కాపాడాలని పనిచేసే సొసైటీ టు సేవ్ రాక్స్ 1996లో మొదలైందని, శిల్పారామం లోపలి బేర్స్ నోస్ అనే బండ, సెంట్రల్ యూనివర్సిటీలోని మష్రూమ్ రాక్, దుర్గం చెరువు చుట్టుపక్కల గుట్టలు వారసత్వ జాబితాలోకి ఎక్కాయని వివరించారు. జాబితాకెక్కినా పక్కనే జేసీబీ చప్పుడు వినబడుతూనే ఉంది, అది వేరే సంగతి.

ఇక చీవాట్లు. టిఫిన్ పేరుతో ఇచ్చింది చల్లారిన ఇడ్లీ, ప్లాస్టిక్ కవర్లో చట్నీ. గుట్ట మీద చెత్త వేయకూడదని అరగంట ఉపన్యాసం ఇచ్చి, మా చేతుల్లో ఇన్ని ప్లాస్టిక్ కవర్లు పెట్టడం ఏమిటో. ఆడవాళ్ళకి బాత్రూం ఏర్పాటు లేదు. అడిగితే "దిగాక పెట్రోల్ బంకులో" అన్నారు. ఐదు గంటల నడకకి ఇది కుదరదు తమ్ముళ్ళూ. పోస్టర్ వేసేటప్పుడే ఈ సంగతి తేల్చుకోండి.

అసలు దెబ్బ నయా ఖిలా దగ్గర. 1656లో ఔరంగజేబు సైన్యం గోల్కొండని ముట్టడించాక, పక్కనున్న ఎత్తు నేల మళ్ళీ శత్రువుకి చిక్కకూడదని అబ్దుల్లా కుతుబ్ షా దాన్ని కూడా గోడ లోపలికి కలిపేసుకున్నాడు. అదే నయా ఖిలా. ఇప్పుడు లోపల గోల్ఫ్ మైదానం ఉండటంతో ఇష్టమొచ్చినట్టు వెళ్ళనివ్వరు, ముందే అనుమతి కావాలి. మా వాళ్ళు అనుమతి సంగతి గేటు దగ్గరికి వచ్చాక మొదలుపెట్టారు. ఎండలో నలభై నిమిషాలు నిలబడ్డాం. చివరికి చెట్టు వరకే వెళ్ళి రమ్మన్నారు. బురుజులూ లేవు, ముల్లా ఖయాలీ మసీదూ లేదు. పోస్టర్ మీద రెండూ ఉన్నాయి. డబ్బులో కొంత వెనక్కి ఇవ్వమంటే, వచ్చే నడకలో రెండొందలు తగ్గిస్తామన్నారు.

ఆ చెట్టు మాత్రం చూడాల్సిందే. ఆఫ్రికా బావొబాబ్, ఇక్కడివాళ్ళు హాతియాఁ కా ఝాడ్, అంటే ఏనుగుల చెట్టు అంటారు. ఆఫ్రికా నుంచి వచ్చిన ఫకీర్లు తెచ్చి నాటారని, నాలుగు వందల ఏళ్ళు దాటాయని చెబుతారు. మొదలు చుట్టుకొలత ఎనభై అడుగులు పైమాటే. పైన డొల్ల, దాంట్లో దొంగలు దాక్కునేవారని కథ. చలికాలం కాబట్టి ఆకులు రాలి బోడిగా ఉంది. బెరడు మీద ప్రేమికుల పేర్లు, బాణాలు, ఫోన్ నంబర్లు. గీసిన చోట బెరడు ఉబ్బి మూసుకుంటోంది, కొన్ని పేర్లు సగం చెరిగిపోయాయి. పెద్దాయన ఇక్కడ ఏమీ మాట్లాడలేదు. "ఇది నా పని గాదమ్మా" అని నీడ లేని ఆ చెట్టు కిందే కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు.

ఇదే బృందం ఆస్మాన్‌గఢ్ వైపు రేమండ్ సమాధికి కూడా ఒక నడక పెడుతుంది. నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని, 1798లో పోయాడు, మూసారాంబాగ్‌కి ఆ పేరు ఆయన వల్లనే వచ్చిందని చెబుతారు. గ్రానైటు స్తంభం, దాని మీద జేఆర్ అనే అక్షరాలు. కిందటేడు వెళ్ళాను. చరిత్ర బాగా చెప్పారు గానీ పెద్దాయన రాలేదు, గంటన్నరలో అయిపోయింది. అది మూసారాంబాగ్ మెట్రోలో దిగి ఆటో ఎక్కి మీకు మీరే చూసి రావచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఖాజాగూడకైతే కట్టండి, కానీ ముందు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: రాయి పని తెలిసిన పెద్దాయన వస్తున్నాడా, నయా ఖిలా అనుమతి చేతిలో ఉందా, గుంపులో ఎంతమంది. మేం ముప్పై పైన ఉన్నాం, సగంమందికి ఆ ఇసుర్రాయి సంగతే తెలియదు. పదేళ్ళలోపు పిల్లల్ని తేవద్దు, రెండుచోట్ల చేతులు పట్టి ఎక్కించాలి. నున్నటి అడుగున్న వాకింగ్ బూట్లు జారతాయి, గరుకు సోలు ఉన్నవి వేసుకోండి. టిఫిన్ ఇంటి నుంచి కట్టుకోండి, స్టీలు డబ్బాలో. నీళ్ళు రెండు సీసాలు: ఒకటి తాగడానికి, ఒకటి బండ మీద పోయడానికి.

ఐదుకి మూడున్నర. ఆ అర పాయింటూ నిర్వాహకులకి కాదు.