లాప్‌టాప్‌లో రాబిట్ ఎంక్యూ: మెచ్చుకోలుతో పాటు కొన్ని చీవాట్లు

నల్లగొండలో ఇంటి నుంచే పనిచేస్తూ మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులకు సాఫ్ట్‌వేర్ రాసిపెడుతుంటాను. ధాన్యం లారీ కాంటా ఎక్కగానే నిండు బరువు నమోదవుతుంది, సరుకు దించాక ఖాళీ బరువు. ఈ రెండింటి తేడాతో తూకం చీటీ తయారుకావాలి, అది లెక్కల్లోకి ఎక్కాలి, రైతు ఫోనుకు సందేశం వెళ్లాలి. ఇవన్నీ ఒకే ప్రోగ్రాము ఒకదాని తర్వాత ఒకటిగా చేస్తే, సందేశాలు పంపే సర్వీసు కాస్త మొరాయించినా కాంటా ఆగిపోతుంది, వెనుక లారీల హారన్లు మొదలవుతాయి. అందుకే మధ్యలో ఒక మెసేజ్ బ్రోకర్ కావాలి. కాంటా బరువును దాని చేతిలో పెట్టి తర్వాతి లారీ సంగతి చూసుకుంటుంది, మిగతా ప్రోగ్రాములు వీలు చూసుకుని తీసుకుంటాయి. ఆ పనికి నేను వాడుతున్నది రాబిట్ ఎంక్యూ. మిల్లులో అది ఎలా నడుస్తోందన్నది వేరే కథ. ఇక్కడ చెప్పేది నా సొంత లాప్‌టాప్‌లో, ప్రోగ్రాము రాసుకునే దశలో, దాన్ని అమర్చుకోవడం గురించి.

మెచ్చుకోవలసింది ముందే మెచ్చుకుంటాను. దీని నిర్వహణ పేజీ లాంటిది ఇంకే బ్రోకర్‌తోనూ ఇంత సులువుగా చేతికి రాలేదు. బ్రౌజరులో 15672 పోర్టు తెరిస్తే క్యూలన్నీ, అంటే సందేశాలు వరుసలో వేచి ఉండే చోట్లన్నీ, కనిపిస్తాయి. ప్రతి క్యూ పక్కనా రెండు అంకెలుంటాయి: ఇంకా ఎవరూ తీసుకోనివి ఎన్ని, తీసుకుని కూడా పని పూర్తయిందని చెప్పనివి ఎన్ని. సగం రోగాలు ఈ రెండంకెల్లోనే పట్టుబడతాయి. తీసుకోనివి పెరుగుతుంటే పనిచేసే ప్రోగ్రాము పడుకుందని అర్థం. పూర్తికానివి ఒక్కసారిగా వందల్లోకి పోయి, రెండో ప్రోగ్రాము ఖాళీగా కూర్చుంటే, మొదటిది అన్నీ తన సంచిలో వేసుకుందని అర్థం. ఎందుకంటే ఒక్కొక్కరికి ఎన్ని ఇవ్వాలన్న పరిమితిని మనం పెట్టకపోతే రాబిట్ ఎంక్యూ ఉన్నవన్నీ ముందు వచ్చినవాడికే పంచేస్తుంది. ప్రీఫెచ్ అనే ఆ పరిమితిని ఒకటో పదో పెట్టండి, పంపకం సర్దుకుంటుంది. క్యూలో ఉన్న సందేశాన్ని ఆ పేజీలోనే తెరిచి చూడవచ్చు, చేత్తో కొత్తది టైపు చేసి పంపవచ్చు. లారీ నంబరు లేని బరువు వస్తే నా ప్రోగ్రాము ఏం చేస్తుందో చూడడానికి కాంటా అక్కర్లేదు, ఈ పేజీ చాలు.

ఇక అమరిక. ఇది ఎర్లాంగ్‌లో రాసిన సాఫ్ట్‌వేర్. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎరిక్సన్ సంస్థలో 1980లలో పుట్టిన భాష అది. గట్టిదే, కాదనను. కానీ విండోస్‌లో నేరుగా పెట్టుకోవాలంటే ముందు ఎర్లాంగ్ పెట్టాలి, అదీ ఈ రాబిట్ ఎంక్యూకు సరిపడే వెర్షనే పెట్టాలి. ఆ తర్వాత ఎర్లాంగ్ కుకీ అనే రహస్య ఫైలు తగాదా. సర్వీసు ఒక ఫోల్డరులో ఉన్న కుకీని చదువుతుంది, మనం కమాండు కొడితే అది మన ఫోల్డరులో ఉన్నదాన్ని చదువుతుంది. రెండూ ఒకటి కాకపోతే, సర్వరు ఎదురుగా నడుస్తూనే ఉన్నా మన మాట వినదు. ఇంత తతంగం పడే ఓపిక నాకు లేదు. సాఫ్ట్‌వేర్‌ను కావలసినవాటితో సహా కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే డాకర్‌లో, నిర్వహణ పేజీ కలిసి ఉన్న ఇమేజీని (సిద్ధంగా ఉన్న మూటను) దించుకుని, సందేశాలకు 5672, ఆ పేజీకి 15672 పోర్టులు తెరిస్తే పని అయిపోతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద దించుకునేవాళ్లు ఆ ఒక్కసారికి ఓర్చుకోవాలి, అంతే.

డాకర్ ఇమేజీకీ నేరుగా పెట్టుకున్నదానికీ ఒక తేడా ఉంది, అది తెలియక తలలు పట్టుకునేవాళ్లను చూశాను. మొదటి నుంచీ ఉండే గెస్ట్ అనే ఖాతా, నేరుగా పెట్టుకున్న సర్వరులో అదే యంత్రం నుంచి మాత్రమే పనిచేస్తుంది. ఇంట్లోని ఇంకో కంప్యూటర్ నుంచి అదే పేరు, అదే పాస్‌వర్డ్ ఇచ్చినా నిర్దాక్షిణ్యంగా తిప్పి పంపుతుంది. భద్రత కోసం పెట్టిన నియమమే, మంచిదే. డాకర్ ఇమేజీలో మాత్రం ఆ కట్టడిని సడలించారు, గెస్ట్ ఎక్కడి నుంచైనా లోపలికి వస్తుంది. లాప్‌టాప్‌లో హాయిగా నడిచిన కనెక్షన్ మిల్లు కంప్యూటర్‌లో ఎందుకు విరిగిందో ఇప్పుడు ఊహించుకోండి. మొదటి రోజే సొంత ఖాతా, సొంత వర్చువల్ హోస్టు (అదే సర్వరులో మన క్యూలకు విడిగా ఒక గది లాంటిది) పెట్టుకోవడం మేలు. మొదట ఉండే వర్చువల్ హోస్టు పేరు ఒట్టి ఏటవాలు గీత. కనెక్షన్ చిరునామాలో దాన్ని ఎలా రాయాలో ఒక్కో లైబ్రరీది ఒక్కో పద్ధతి. 'మిల్లు' అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక పేరు పెట్టేస్తే ఆ గొడవే ఉండదు.

చీవాట్లు ఇక్కడి నుంచి. కంటైనర్‌ను తీసేసి మళ్లీ సృష్టిస్తే, డేటా కోసం విడిగా వాల్యూమ్ (కంటైనర్ పోయినా మిగిలే నిల్వ) ఇచ్చినా, క్యూలు మాయమవుతాయి. నిజానికి అవి ఎక్కడికీ పోవు. రాబిట్ ఎంక్యూ తన డేటాను యంత్రం పేరుతో ఉన్న ఫోల్డరులో దాచుకుంటుంది. డాకరేమో పేరు ఇవ్వని కంటైనర్‌కు ప్రతిసారీ కొత్త పేరు తగిలిస్తుంది. పాత ఇంట్లో సామాను అలాగే ఉంటుంది, మనం మాత్రం కొత్త ఇంటి తలుపు తడుతుంటాం. హోస్ట్‌నేమ్ స్థిరంగా ఒకటి ఇస్తే సరి. అలాగే పాస్‌వర్డును ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో మార్చి కంటైనర్‌ను మళ్లీ లేపితే ఏమీ మారదు, ఆ వేరియబుల్‌ను డేటా మొదటిసారి తయారయ్యేటప్పుడే చూస్తుంది. ఇవన్నీ పత్రాల్లో రాసే ఉన్నాయి, కాదనడం లేదు. అయినా ఒక హెచ్చరిక వాక్యం తెర మీద వేస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

వీటన్నిటికీ మందు డెఫినిషన్స్ ఫైలు. ఖాతాలు, హక్కులు, క్యూలు, ఎక్స్ఛేంజీలు (వచ్చిన సందేశం ఏ క్యూకు వెళ్లాలో తేల్చేవి), వాటి మధ్య లంకెలు అన్నీ ఒక జేసన్ ఫైలుగా నిర్వహణ పేజీ నుంచే దించుకోవచ్చు. పాస్‌వర్డులు అందులో నేరుగా కాకుండా, చూసి చదవలేని హాష్ రూపంలో ఉంటాయి. సర్వరు లేచేటప్పుడు ఆ ఫైలు చదవమని సెట్టింగుల్లో ఒక్క వరుస రాస్తే చాలు, ఏ లాప్‌టాప్‌లోనైనా అచ్చం అదే అమరిక. ఒక్క మెలిక గుర్తుంచుకోండి: ఖాళీ సర్వరు ఇలా ఫైలుతో లేస్తే గెస్ట్ ఖాతాను తయారుచేయదు. ఫైలులో మీ ఖాతా లేకపోతే మీ ఇంటికి మీరే తాళం వేసుకున్నట్లే.

అసలు కోపం మాత్రం ఇంకోదాని మీద. క్యూ ఇంకా తయారుకాక ముందే కాంటా ప్రోగ్రాము సందేశం పంపిందనుకోండి. చేరవలసిన చోటు లేదు కాబట్టి రాబిట్ ఎంక్యూ దాన్ని పారేస్తుంది. పారేసిందన్న మాట చెప్పదు. అంతకంటే విడ్డూరం, పంపినవాడు రసీదు అడిగితే, అంటే పబ్లిషర్ కన్ఫర్మ్ పెట్టుకుంటే, ఆ పారేసిన సందేశానికి కూడా 'అందింది' అని రసీదు వస్తుంది. మాండేటరీ అనే గుర్తు పెట్టి పంపితేనే దిక్కులేని సందేశం వెనక్కి వస్తుంది. ప్రోటోకాల్ ప్రకారం అది న్యాయమేనని వాదించేవాళ్లు ఉన్నారు. వాదించనివ్వండి. రేపు గుమాస్తాగారు ఫోన్ చేసి, "మేడమ్, లారీ వెళ్లిపోయింది, చీటీ ఇంకా రాలేదు" అంటే, బ్రోకర్ రసీదు ఇచ్చింది సార్ అని చెప్పాలా? లాప్‌టాప్‌లో ప్రోగ్రాములను రకరకాల వరుసల్లో ఆపుతూ, లేపుతూ ఉంటాం కాబట్టి ఈ సంగతి అక్కడే బయటపడుతుంది. క్యూలను డెఫినిషన్స్ ఫైలులోనే పెట్టేస్తే, అవి లేని క్షణమంటూ ఉండదు.

కరెంటు సంగతి. క్యూను డ్యూరబుల్‌గా ప్రకటిస్తే సర్వరు మళ్లీ లేచాక క్యూ ఉంటుంది. అందులోని సందేశాలు ఉండాలంటే వాటిని విడిగా పర్సిస్టెంట్ అని గుర్తుపెట్టి పంపాలి. పైథాన్‌లో పికా లైబ్రరీ వాడితే ఆ గుర్తు మనమే పెట్టాలి, తనంతట తాను పెట్టదు. సర్వరును మర్యాదగా ఆపి మళ్లీ లేపి చూసి తృప్తిపడకండి, కంటైనర్‌ను ఉన్నపళంగా చంపి చూడండి. కరెంటు పోయేటప్పుడు మర్యాదలు ఉండవు కదా. అన్నట్టు, ఒకసారి నాన్-డ్యూరబుల్‌గా తయారైన క్యూను తర్వాత డ్యూరబుల్‌గా మార్చలేం. అదే పేరుతో వేరే లక్షణాలు అడిగితే 406 నంబరు తప్పు చూపించి ఛానల్ మూసేస్తుంది. తీసేసి కొత్తగా పెట్టుకోవడమే. 3.8 వెర్షన్ నుంచి వచ్చిన కోరమ్ క్యూలు (పలు సర్వర్లలో నకళ్లు ఉంచగల రకం) వాడితే సందేశాలు ఎలాగూ డిస్కు మీదికి వెళ్తాయి. లాప్‌టాప్‌లో ఒక్క సర్వరుతో కూడా అవి పనిచేస్తాయి.

డీబగ్గర్ వాడేవాళ్లకు ఒక మాట. పికాలో సాదా బ్లాకింగ్ కనెక్షన్ పెట్టుకుని, ఒక వరుస దగ్గర ప్రోగ్రామును ఆపి, చాయ్ తాగి వచ్చేసరికి కనెక్షన్ తెగి ఉంటుంది. సర్వరు మామూలుగా 60 సెకన్ల హార్ట్‌బీట్ సూచిస్తుంది. ఆగిపోయిన ప్రోగ్రాము 'బతికే ఉన్నాను' అని చెప్పలేదు కాబట్టి సర్వరు ఆశ వదులుకుంటుంది. లాప్‌టాప్‌లో ఆ గడువును పెంచుకోండి, మిల్లులో మాత్రం ముట్టుకోవద్దు. డిస్కు నిండిన లాప్‌టాప్‌లతో ఇంకో చిక్కు: ఖాళీ చోటు 50 ఎంబీ కంటే తగ్గితే సర్వరు పంపేవాళ్లందరినీ ఆపేస్తుంది. తప్పు అనేమీ రాదు, ప్రోగ్రాము ఊరికే నిలబడిపోతుంది. నిర్వహణ పేజీ మొదటి తెరలో ఎర్రగా కనిపిస్తుంది, ముందు అక్కడ చూడండి.

ఇదే తరహా పనికి వాడే కాఫ్కా అనే ఇంకో వ్యవస్థను ఎందుకు వాడలేదని అడిగేవాళ్లు ఉంటారు. చదివిన తర్వాత కూడా సందేశాలను దాచిపెట్టి, మళ్లీ మొదటి నుంచి చదివించుకోవాలంటే అదే సరైనది. నాకు ఆ అవసరం లేదు. చీటీ అచ్చయిందంటే ఆ సందేశంతో పని తీరింది. పైగా జావా మీద నడిచే కాఫ్కా, బ్రౌజరు, ఎడిటరు, డేటాబేసు అన్నీ కలిసి 8 జీబీ లాప్‌టాప్‌ను ఊపిరాడనివ్వవు. తేమ మీటరు లాంటి చిన్న పరికరాల నుంచి అంకెలు తెచ్చుకోవడమే మీ పనంతా అయితే మస్కిటో బ్రోకర్ ఇంకా తేలిక. పరికరాలూ క్యూలూ రెండూ ఉంటే రాబిట్ ఎంక్యూలోనే ఎంక్యూటీటీ (అలాంటి చిన్న పరికరాలు మాట్లాడే ప్రోటోకాల్) ప్లగిన్ ఉంది, దాన్ని తెరిచి 1883 పోర్టు ఇస్తే సరిపోతుంది.

ధర ఏమీ లేదు, సోర్సు కోడుతో సహా ఉచితం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 4వ తరం వెర్షనే తీసుకోండి. ఇంటర్నెట్‌లో దొరికే పాత పాఠాల్లో మిర్రర్డ్ క్యూలు (క్యూకు ఇతర సర్వర్లలో నకళ్లు ఉంచే పాత పద్ధతి) పెట్టుకోమని రాసి ఉంటే ఆ పేరా దాటేయండి, 4.0లో వాటిని పూర్తిగా తీసేశారు.