మడత చాకుల్లో రోజువారీ పనికి ఏది? ఓపినెల్, విక్టోరినాక్స్, కేస్, హిగోనోకామి

మడత చాకు కొనేవాళ్లు ముందుగా అడిగేది ఉక్కు గురించి. నిజానికి అది మూడో ప్రశ్న. మొదట చూడాల్సింది వాదర వెనకాల బ్లేడు ఎంత సన్నగా ఉందన్నది. రెండోది, అది రోజూ జేబులో ఉంటుందా, వారం తిరక్కముందే బరువనిపించి సొరుగులోకి చేరుతుందా అన్నది. మొదటిదానికి జవాబు కావాలంటే ఒక ఆపిల్ కోసి చూడండి. సన్నని బ్లేడు చప్పుడు లేకుండా అడుగుదాకా దిగిపోతుంది. మందపాటిది సగం దాకా కోసి, ఆ పైన చీలుస్తుంది. టప్‌మని పండు రెండు చెక్కలవుతుంది. రెండు చాకులూ కాగితాన్ని ఒకేలా కోసేంత పదునుగా ఉన్నా ఈ తేడా పోదు, ఎందుకంటే అది పదునులో లేదు, మందంలో ఉంది.

ఈ పరీక్షలో ఓపినెల్‌ని మించింది ఈ నాలుగింటిలో లేదు. ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఓపినెల్ 1890లో మొదలుపెట్టిన చాకు ఇది. సైజులకు పేర్లుండవు, అంకెలే. ఎక్కువమంది కొనే 8వ నంబరుకి బ్లేడు పొడవు 8.5 సెంటీమీటర్లు, వెన్ను దగ్గర కూడా మందం రెండు మిల్లీమీటర్ల లోపే, మొత్తం బరువు 50 గ్రాములు దాటదు. ఉన్నవి ఐదే భాగాలు: బీచ్ చెక్క పిడి, బ్లేడు, కీలు మేకు, దాన్ని పట్టి ఉంచే ఉక్కు కట్టు, ఆ కట్టు మీద తిరిగే రింగు. ఈ రింగు 1955లో వచ్చింది. మొదట్లో తెరిచిన బ్లేడుని మాత్రమే బిగించేది. 2000 నుంచి మూసినప్పుడు కూడా బిగుస్తోంది. 6వ నంబరు, ఆపై సైజులకే రింగు ఉంటుంది, చిన్నవాటికి ఉండదు. జేబు చిన్నదైతే 7వ నంబరు చూడండి, బ్లేడు 8 సెంటీమీటర్లు. పనిలో తేడా దాదాపు తెలియదు.

ఒక్క జాగ్రత్త. ఓపినెల్‌లో స్ప్రింగు లేదు. రింగు తిప్పడం మరిచిపోతే బ్లేడుని ఆపేది చెక్క పట్టు ఒక్కటే, అది వదులైతే అదీ లేదు. తెరవగానే రింగు తిప్పడం చేతికి అలవాటు కావాలి.

దీని అసలు జబ్బు చెక్కది. తడి తగిలితే పిడి ఉబ్బి బ్లేడుని బిగబట్టేస్తుంది, గోరు విరిగేదాకా లాగినా రాదు. స్టెయిన్‌లెస్ రకం కొన్నాం కదా అని సింకులో పడేసేవాళ్లకు ఇది తప్పకుండా ఎదురవుతుంది. తుప్పు పట్టనిది బ్లేడు మాత్రమే, చెక్క చెక్కే. అప్పుడు చేయాల్సింది: రింగు విప్పి, పిడిని గుప్పిట్లో వదులుగా పట్టుకుని, తోక భాగాన్ని బల్ల అంచుకి టక్కున ఒక దెబ్బ వేయాలి. బ్లేడు మొన వేళ్లకు అందేంత పైకి లేస్తుంది. సవోయ్ వాళ్ల పాత కిటుకు ఇది. తర్వాత తెరిచి ఉంచి రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టండి. అప్పటికీ బిగుతుగా ఉంటే పాత విజిటింగ్ కార్డుకి గరుకు కాగితం చుట్టి, పిడి గాడి లోపలి గోడలను, ముఖ్యంగా కీలు దగ్గర, కొద్దికొద్దిగా రుద్దండి. ఓవెన్‌లో పెట్టి ఆరబెడితే చెక్క పగులుతుంది. కీలులో అవిసె నూనె పోయమనే సలహా కూడా వినొద్దు. అవిసె నూనె ఆరి గట్టిపడే రకం. పిడి పైపూతకి బాగుంటుంది, కీలులో మాత్రం నెలలు గడిచేసరికి బంకలా తయారవుతుంది. కీలుకి తినే వస్తువులకు తగిలినా ఫర్వాలేని మినరల్ ఆయిల్ ఒక్క చుక్క చాలు.

కార్బన్ ఉక్కా, తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ ఉక్కా? ఓపినెల్ కార్బన్ రకం రాయి మీద తొందరగా పదునెక్కుతుంది, ఆ పదునులో ఒక కరుకు ఉంటుంది. కానీ నిమ్మకాయ కోసి తుడవకుండా మూస్తే మర్నాటికి మచ్చలు. ఉల్లిపాయ కోస్తే బ్లేడూ నల్లబడుతుంది, ముక్కకీ లోహపు వాసన అంటుకుంటుంది. కోసిన ప్రతిసారీ గుడ్డతో తుడిచే ఓపిక ఉంటేనే కార్బన్. తినే వస్తువులే ఎక్కువగా కోసేవాళ్లు స్టెయిన్‌లెస్ తీసుకోవడమే మేలు.

విక్టోరినాక్స్ సంగతి వేరు. కార్ల్ ఎల్సెనర్ 1884లో స్విట్జర్లాండులోని ఇబాఖ్‌లో పెట్టిన కార్ఖానా. 1891లో సైన్యానికి మొదటి చాకులు అందించాడు. ఇవాళ అందరూ గుర్తుపట్టే ఎర్ర చాకుకి మూలమైన ఆఫీసర్ చాకు 1897 నాటిది. దీని బ్లేడు ఉక్కు పేరులోనే లెక్క ఉంది: ఎక్స్55సీఆర్‌ఎంఓ14 అంటే 0.55 శాతం కార్బన్, సుమారు 14 శాతం క్రోమియం. ఉక్కు ఎంత గట్టిదో కొలిచే రాక్‌వెల్ లెక్కలో 56. చాకు పిచ్చి ఉన్నవాళ్లు దీన్ని మెత్తని ఉక్కు అని చిన్నచూపు చూస్తారు. మెత్తనే, కాబట్టే వాదర పెచ్చులూడదు, వంగుతుంది. తోలు పట్టీ మీద పదిసార్లు వెనక్కి లాగితే మళ్లీ నిలబడుతుంది. అట్టపెట్టెలు రోజంతా కోసేవాళ్లకు మాత్రం సాయంత్రానికి మొద్దుబారుతుంది.

మోడళ్లు లెక్కలేనన్ని, పక్కపక్కన పేర్చిన పనిముట్ల పొరలు పెరిగేకొద్దీ జేబులో ఇటుకే. రెండు పొరల దగ్గర ఆగిపోవడం మంచిది. 91 మిల్లీమీటర్ల స్పార్టన్‌లో పెద్ద బ్లేడు, చిన్న బ్లేడు, డబ్బా మూత కోసేది, సీసా మూత తీసేది, బెజ్జం వేసే సూది, కార్క్ తీసే మర ఉంటాయి. ఆ మర అక్కర్లేదనుకోవద్దు, బిగుసుకుపోయిన తాడు ముడిలో దూర్చి విప్పడానికి దాన్ని మించిన పనిముట్టు లేదు. 84 మిల్లీమీటర్ల కాడెట్ ఇంకా పల్చన. ప్లాస్టిక్ బదులు గరుకు అల్యూమినియం పిడి ఉంటుంది, కింద పడినా పగిలే బెంగ లేదు. చొక్కా జేబుకైతే కాడెటే. దుమ్ము చేరి గరగరమంటుంటే గోరువెచ్చని నీళ్లలో ముంచి ఒక్కో భాగాన్నీ పది ఇరవైసార్లు తెరిచి మూసి, ఆరాక కీళ్లలో చుక్క నూనె వేయాలి. నూనె ముందు వేస్తే ఆ దుమ్ము ముద్ద కట్టి లోపలే ఉండిపోతుంది.

ఈ రకానికీ, అమెరికన్ కేస్ చాకుల్లో ఎక్కువవాటికీ లాక్ ఉండదు. పిడి వెన్నులో ఉన్న స్ప్రింగు బ్లేడు మడమ మీద, అంటే కీలు దగ్గరి చివర మీద, నొక్కి దాన్ని నిలబెడుతుంది, అంతే. కోసే దిశలో ఎంత బలం వేసినా భయం లేదు, బ్లేడు ఇంకా తెరుచుకునే వైపే నెట్టబడుతుంది. మొనతో పొడిచినా, వెన్నుతో కొట్టినా మాత్రం మూసుకుని వేళ్ల మీద పడుతుంది. బెజ్జం పెట్టే పనికి బ్లేడు మొన వాడొద్దనేది ఇందుకే.

కేస్ పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌లో తయారవుతుంది. స్టాక్‌మన్ నమూనాలో మూడు బ్లేడులు. మొన తేలిన క్లిప్ అన్ని పనులకూ. తిన్నని వాదర, వంగిన వెన్ను ఉన్న షీప్‌ఫుట్ అట్ట మీద గీత పెట్టడానికి. మొద్దు మొన ఉన్న స్పే ఒకప్పుడు పశువులకు వృషణాలు తీయడానికి. పెట్టెలు విప్పేవాళ్లకు షీప్‌ఫుట్ వరం, మొన కిందికి దిగి లోపలి వస్తువుని గీరదు. ట్రాపర్‌లో రెండే బ్లేడులు, మూస్తే పదిన్నర సెంటీమీటర్లు. ప్యాంటు జేబుకి కాస్త ఎక్కువే. ఉక్కు రెండు రకాలు. సీవీ అంటే క్రోమ్ వనేడియం. పేరులో క్రోమ్ చూసి మోసపోవద్దు, తుప్పు పడుతుంది. తుప్పు వద్దనుకుంటే ట్రూ-షార్ప్ అని రాసి ఉన్నది అడగండి.

స్ప్రింగు చాకు ఏ కంపెనీదైనా చేతికి రాగానే ఇవి చూసుకోవాలి. మూసిన చాకుని పైనుంచి చూస్తే బ్లేడు గాడి మధ్యలో ఉండాలి, పిడి లోపలి పక్క రేకుకి రాసుకోకూడదు. వెలుతురుకి ఎదురుగా పెడితే స్ప్రింగుకీ పక్క రేకుకీ మధ్య కాంతి గీత కనిపించకూడదు. కనిపిస్తే అక్కడ తేమ, నూలుపోగులు చేరతాయి. తెరిచి బ్లేడుని అటూ ఇటూ కదిపితే ఊగకూడదు. నాలుగోది చాలామంది వదిలేస్తారు: చాకుని టప్‌మని మూసి, మళ్లీ తెరిచి వాదరని దీపం కిందికి పట్టండి. ఎక్కడైనా తెల్లని చుక్క మెరిస్తే అక్కడ వాదర లోపలి స్ప్రింగుకి కొట్టుకుని చదునైందన్నమాట. మూసినప్పుడు మొన పైకి పొడుచుకొచ్చిందని కొందరు బ్లేడు మడమ దగ్గర ఉండే చిన్న బొడిపెను ఆకురాయితో అరగదీస్తారు. మొన లోపలికి పోతుంది, నిజమే. కానీ బ్లేడు మొత్తం కిందికి దిగి ఈ చుక్క కొత్తగా పుడుతుంది. ఒక్కో గీతకీ ఆగి చూసుకుంటూ చేయాల్సిన పని.

లగియోల్ చాకులు అందంగా ఉంటాయి, కానీ ఆ పేరు ఒక ఊరిదీ ఒక నమూనాదీ, ఒక కంపెనీది కాదు. తయారీదారెవరో చూడకుండా కొనొద్దు. మూసేటప్పుడు చేత్తో నెమ్మదిగా దించాలి, వదిలేస్తే వాదర స్ప్రింగుకి తగలొచ్చు.

జపాన్‌లో మికి పట్టణపు హిగోనోకామికి స్ప్రింగూ లేదు, లాకూ లేదు. మడిచిన ఇత్తడి రేకు పిడి, ఒక రివెట్టు, బ్లేడు వెనక చిన్న తోక. ఆ తోక మీద బొటనవేలు ఉన్నంతసేపే బ్లేడు నిలుస్తుంది. పెన్సిలు, వెదురు, చెక్క చెక్కడానికి దీనికి సాటి లేదు, ఏటవాలు ముఖం వెడల్పుగా ఉండి చెక్కకి ఆనుకుని నడుస్తుంది. ఆపిల్ పరీక్షలో తప్పుతుంది. వెన్ను మందం, పండు చీలుతుంది. కీలు వదులైతే రివెట్టుని ఇనుప దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో రెండు మెత్తని దెబ్బలు వేయాలి. మూడోది వేస్తే బిగుసుకుపోయే ప్రమాదం.

సాన పట్టడంలో హిగోనోకామి అన్నిటికంటే సులువు: ఆ వెడల్పు ముఖాన్ని రాయికి ఆనించి రుద్దడమే, కోణం దానంతటదే వస్తుంది. మిగతావాటికి పక్కకి 15 నుంచి 20 డిగ్రీలు. బ్లేడు వెడల్పు 18 మిల్లీమీటర్లైతే, వెన్ను రాయి నుంచి సుమారు 4.7 మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు 15 డిగ్రీలు. అంత ఎత్తు నాణేలు పేర్చి పక్కన పెట్టుకుంటే కంటికి కొలత దొరుకుతుంది. వెయ్యి గ్రిట్ రాయి చాలు (గ్రిట్ అంటే రాయి ఎంత నున్నన్నో చెప్పే అంకె). ఒక పక్క రుద్దుతూ ఉంటే అవతలి పక్క వాదర పొడవునా గోటికి తగిలే సన్నని అంచు లేస్తుంది. అది మడమ నుంచి మొనదాకా వచ్చాకే తిప్పాలి. మొన దగ్గర రాలేదంటే వంపులో పిడిని కొద్దిగా పైకెత్తడం లేదన్నమాట. మడమ దగ్గర సాన పట్టని మందపు భాగం రాయి అంచుకి తగిలితే బ్లేడు లేచి, దాని పక్కన వాదర అందదు. నాలుగైదుసార్లకి అక్కడ గుంట పడుతుంది, కోసేటప్పుడు నూలుపోగు ఆ గుంటలోనే తెగకుండా చిక్కుకుంటుంది. ఆ భాగాన్ని రాయి అంచుకి బయట ఉంచి మొదలుపెడితే ఈ బాధ లేదు.