పాత సైకిలుకి మోటార్ కిట్టు: మోటార్ బంగారం, కనెక్టర్లు దండగ

వెనక చక్రంలో వచ్చే 36 వోల్టుల, 250 వాట్ల గేర్ల మోటార్ కిట్టు ఆన్‌లైన్‌లో తెప్పించి మా చిన్నాన్న సైకిలుకి బిగించాను. ఒక వానాకాలం గడిచింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను. మోటార్‌ని కళ్లు మూసుకుని కొనొచ్చు. దాంతో ఇచ్చే వైరింగ్ సామాను మాత్రం నమ్మొద్దు.

చిన్నాన్నది నెల్లిమర్ల. క్యారియర్‌కి రెండు పక్కలా కూరగాయల బుట్టలు కట్టుకుని తెల్లారకముందే విజయనగరం వచ్చేస్తాడు. మోకాళ్లు అరిగాయని డాక్టరు చెప్పినా సైకిలు మానడు. మోటార్ పెట్టిన మర్నాడే ఫోన్ చేసి, "ఎదురుగాలికి కూడా దిగకుండా వొచ్చీసేనురా!" అన్నాడు. నేను పెట్టిన డబ్బులు ఆ మాటతోనే తీరిపోయాయి.

లిథియం బ్యాటరీ, 10 ఆంపియర్ అవర్లది, విడిగా కొన్నాను. కిట్టు కన్నా అదే ఎక్కువ పడింది. నిండా ఛార్జయితే మీటర్‌లో 42 వోల్టులు చూపిస్తుంది. ఆయన పెడల్ కూడా తొక్కుతాడు కాబట్టి రానూ పోనూ ఒక్క ఛార్జింగ్ హాయిగా సరిపోతోంది. రిజిస్ట్రేషన్, లైసెన్సు గొడవ ఉండకూడదంటే వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపే ఉండాలి. కంట్రోలర్‌లో, అంటే మోటార్‌కి కరెంటు ఎంత వెళ్లాలో చూసే పెట్టెలో, స్పీడు లిమిట్ వైరు ఒకటుంది, ఊడదీస్తే ఇంకా వేగం వస్తుంది. నేను దాన్ని ముట్టుకోలేదు. ఆ బ్రేకులతో, ఆ బరువుతో అంతకు మించిన వేగం ఎందుకు?

కొనేముందు మీ సైకిలు బ్రేకులు చూసుకోండి. చిన్నాన్నది 26 అంగుళాల తీగ బ్రేకుల సైకిలు, ఇబ్బంది రాలేదు. రాడ్ బ్రేకుల పెద్ద సైకిలైతే ఈ చక్రం పనికిరాదు, ఆ బ్రేకు కట్టెలు పట్టుకునే రిమ్మే వేరు.

ఇరుసు తిరిగిపోకుండా కిట్టులో రెండు పళ్ల వాషర్లు ఇచ్చి వదిలేశారు. అది చాలదు. మోటార్ గుంజినప్పుడల్లా ఇరుసు ఎదురు తిరగాలని చూస్తుంది. నట్టు కాస్త వదులైతే ఇరుసు గిర్రున తిరిగి, అందులోంచి వచ్చే వైర్లని తెంపేస్తుంది. అందుకని వెల్డింగ్ షాపులో మందపాటి ఇనప పట్టీకి 10 మిల్లీమీటర్ల గాడి ఆకురాయితో అరగదీయించి, ఇరుసుకి తొడిగి, రెండో కొస ఫ్రేముకి క్లాంపు వేయించాను. ఈ చిన్న ముక్క కంపెనీవాళ్లే ఇవ్వాలి.

ఇక అసలు తలనొప్పి. మొదటి గట్టి వాన పడ్డాక సైకిలు ముందుకి పోకుండా గిజగిజా వణకడం మొదలెట్టింది. బ్యాటరీ బాగానే ఉంది, ఎక్సలేటర్ వైరులో వోల్టేజీ సరిగ్గానే పెరుగుతోంది. అంటే హాల్ సెన్సర్ల మీద అనుమానం. మోటార్ లోపల అయస్కాంతం ఎక్కడుందో కంట్రోలర్‌కి చెప్పేవి ఆ మూడే. కనెక్టర్ ఊడదీయకుండా వెనక నుంచి మీటర్ పుల్ల గుచ్చి చూశాను. ఎరుపు, నలుపు మధ్య 5 వోల్టులున్నాయి, అంటే సెన్సర్లకి కరెంటు అందుతోంది. చక్రాన్ని నెమ్మదిగా వెనక్కి తిప్పాలి. గేర్ల మోటార్ కదా, ముందుకి తిప్పితే లోపలి మోటార్ కదలదు. సెన్సర్ల మూడు వైర్లలో పసుపు, ఆకుపచ్చ సున్నాకీ 5 వోల్టులకీ మధ్య గెంతుతున్నాయి. నీలం వైరులో చలనం లేదు. కనెక్టర్ విప్పితే నీలం పిన్ను నిండా పచ్చటి చిలుము! సెన్సర్ పోయిందనుకుని మోటార్ విప్పేస్తే ఊరికే చేటు. కనెక్టర్ కత్తిరించి, వైర్లు సోల్డర్ చేసి, ఒక్కోదానికీ వేడి తగిలితే బిగుసుకునే హీట్‌ష్రింక్ ట్యూబు తొడిగాను. ఇరుసులోకి దూరే ముందు వైరుని కిందికి వంచి కట్టాను, నీళ్లు ఆ వంపులోంచే కారిపోతాయి. ఆ తర్వాత ఎన్ని వానలు పడ్డా మళ్లీ వణకలేదు.

అమ్మినవాళ్లకి ఫోటో పంపి కొత్త కనెక్టర్ అడిగాను. చక్రం మొత్తం పార్సిల్ చేసి పంపమన్నారు. పోనూ రానూ కొరియర్ ఖర్చు మనదే! బజార్లో దొరికే కనెక్టర్ కోసం కూరగాయలమ్ముకునే మనిషి సైకిలు ఎన్నాళ్లు మూల పెట్టుకుంటాడు? సర్వీసుకి నేను ఒక్క మార్కు కూడా వేయను.

మల్టీమీటర్, సోల్డరింగ్ అలవాటున్నవాళ్లు ఈ కిట్టు తీసుకోండి. ఆ అలవాటు లేకపోతే ముందు మీ ఊళ్లో విప్పి చూసే మెకానిక్‌ని మాట్లాడుకుని, ఆ తర్వాతే ఆర్డర్ పెట్టండి. చిన్నాన్న ఇప్పుడు లైటు అడుగుతున్నాడు, చీకట్లోనే బయల్దేరుతాడు కదా. 36 వోల్టులని 12కి దించే కన్వర్టర్ తెప్పిస్తున్నాను.