నలభై కుర్చీల హాలులో నలుగురు దొంగల సినిమాలు

హిమాయత్‌నగర్‌లో ఒక పాత మేడ పై అంతస్తులో నడుస్తున్న చిన్న ఫిల్మ్ క్లబ్, పోయిన శని, ఆదివారాల్లో నాలుగు హాస్య నేరకథా చిత్రాలను ప్రదర్శించింది. రెండు రోజులకూ కలిపి టికెట్ 600 రూపాయలు; విరామంలో ఇచ్చే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు అందులోనే. నలభై కుర్చీలున్న హాలులో ఏసీ బాగానే పనిచేసింది, తెర కూడా తగినంత పెద్దదే.

సినిమాల ఎంపిక ఎవరిదో గాని, వారికి ఈ రసం తెలుసు. బుద్ధిపూర్వకంగా అతి చేసే ఈ ధోరణిని విమర్శకులు ‘క్యాంప్’ అంటారు, మనం ఓవరాక్షన్ అని ఒక్క మాటతో కొట్టిపారేస్తాం. పగటివేషాలు చూసినవారికి మాత్రం ఇందులో కొత్తేమీ లేదు: అది వేషమని వీధి వీధంతటికీ తెలుసు, అయినా వేసినవాడు చివరిదాకా పాత్ర విడిచి బయటికి రాడు. అలెగ్జాండర్ మెకండ్రిక్ తీసిన బ్రిటిష్ చిత్రం ‘ది లేడీకిల్లర్స్’ (1955) సరిగ్గా ఆ పద్ధతిలోనే నడుస్తుంది. ఒక ముసలావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్న దొంగలు, తాము సంగీత సాధన చేస్తున్నట్టు నమ్మించడానికి గ్రామఫోన్‌లో పాశ్చాత్య స్వరకర్త బొకెరీనీ రికార్డు పెట్టి దోపిడీకి పథకం వేసుకుంటూ ఉంటారు. ఆవిడ టీ కావాలా అని తలుపు తట్టినప్పుడల్లా ఆదరాబాదరాగా వయొలిన్లు అందుకుంటారు. దొంగల నాయకుడిగా ఎత్తు పళ్లు పెట్టుకున్న నటుడు అలెక్ గిన్నెస్ ఒక్కసారైనా తాను హాస్యం చేస్తున్నట్టు కనబడడు.

మారియో బావా ఇటాలియన్ చిత్రం ‘డయాబోలిక్’ (1968) కథ పలుచన, కంటికి మాత్రం విందు. సబ్‌టైటిళ్లు రెండు మూడు క్షణాలు వెనకబడ్డాయి. మంత్రిగారి పత్రికా సమావేశంలోకి దొంగ నవ్వించే వాయువు వదిలే దృశ్యానికి మాటలతో పని లేదు కనుక అక్కడ బతికిపోయాం. కుందన్ షా ‘జానే భీ దో యారో’ (1983) పతాక సన్నివేశంలో, శవానికి ద్రౌపది వేషం కట్టి మహాభారత నాటకం మధ్యలోకి తెచ్చినప్పుడు, హాలులో పక్కవాడి మాట వినబడలేదు. సురభి నాటకాలు చూసి పెరిగిన మా పెద్దనాన్నగారు పక్కనే ఉంటే బాగుండునని అనిపించింది.

నా అసలు ఫిర్యాదు చివరి సినిమా గురించి. రామ్ గోపాల్ వర్మ నిర్మించగా శివనాగేశ్వరరావు దర్శకత్వం వహించిన ‘మనీ’ (1993)కి దొరికిన కాపీలో రంగులు వెలిసిపోయి ఉన్నాయి, తెర మూలన ఏదో టీవీ ఛానల్ ముద్ర మెరుస్తూనే ఉంది, ‘భద్రం బీ కేర్‌ఫుల్ బ్రదరూ’ పాట సగంలో తెగిపోయింది. తనను తాను మహా దాదాగా నమ్ముకుని తిరిగే ఖాన్‌దాదా పాత్రలో బ్రహ్మానందం చూపిన గాంభీర్యం గిన్నెస్‌కు ఏమాత్రం తీసిపోదు, కాని ఆ ముఖంలోని చిన్న చిన్న కదలికలు ఆ మసక బొమ్మలో సగం కూడా ఆనలేదు. విదేశీ చిత్రాలు అద్దంలా మెరుస్తుంటే హైదరాబాద్‌లోనే తెలుగు సినిమాకు ఈ గతి ఏమిటని నిర్వాహకుణ్ణి అడిగాను. “ఇంతకంటే మంచిది దొరకలేదండీ, ఇదే చాలా కష్టపడి తెచ్చాం” అన్నాడాయన. అబద్ధం అయ్యుండకపోవచ్చు, అలాంటప్పుడు ఆ మాట టికెట్ అమ్మేటప్పుడే చెప్పవలసింది.

వచ్చే నెల జాబితాలో జంధ్యాల ‘చంటబ్బాయ్’ (1986) ఉందట. ముందు ప్రింటు సంగతి కనుక్కుని గాని డబ్బు కట్టను.